బాగున్న రోజు అంకె

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, పన్నెండేళ్లుగా చేస్తున్నాను. చలికాలంలో పేషెంటు వేలికి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ తగిలించే ముందు ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరుస్తాను. బస్‌స్టాప్‌లో నిలబడి వచ్చినవాళ్ల వేళ్లు మంచుముక్కల్లా ఉంటాయి. అలాంటి వేలిలో రక్తం సరిగా ఆడదు, అంకె నమ్మలేం. గోళ్లకి ముదురు రంగు ఉన్నా అంతే.

ఈ మిషన్ వేలిలోంచి ఎర్రకాంతినీ, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌నీ పంపి, అవతలికి ఎంత వచ్చిందో చూసి ఆక్సిజన్ లెక్క కడుతుంది. చర్మం రంగు కూడా ఆ కాంతిని కొంత పీల్చుకుంటుంది. 2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు అంకెలో వచ్చే ఆ తేడాని బయటపెట్టారు. మిషన్ 92 నుంచి 96 చూపించినా రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో కంటే నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు.

అది చదివిన చలికాలంలోనే జమైకా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన వచ్చారు. ఒకప్పుడు బస్సు డ్రైవరు. మిషన్ 95 అంది. అంతకుముందైతే మందు రాసి పంపేదాన్నేమో. కానీ ఆయన ఒక్క వాక్యం పూర్తిచేయలేకపోతున్నారు. గడియారం చూస్తూ లెక్కపెట్టాను, నిమిషానికి 28 శ్వాసలు. వెంటనే అంబులెన్స్ పిలిపించాను. ఆస్పత్రిలో ధమని రక్తం పరీక్షిస్తే ఆక్సిజన్ చాలా తక్కువని తేలింది.

2021 మేలో ఒంగోలు నుంచి రాత్రిళ్లు ఫోన్లు వచ్చేవి. "అక్కా, నాన్నకి 94 చూపిస్తోంది, పర్లేదా?" అని ఏడుపు గొంతులు. ఇక్కడ ఇంట్లో కొలుచుకునే కోవిడ్ పేషెంట్లకి అప్పట్లో చెప్పిన లెక్క ఏమిటంటే, 94 లేక 93 వస్తే డాక్టరుకి చెప్పాలి, 92 లేక తక్కువైతే ఎమర్జెన్సీ. మనదీ చామనఛాయే కదా, నాకు ఆ అంకె చాలేది కాదు. "ఫోను బాబాయికివ్వమ్మా" అనేదాన్ని. ఆయన ఊపిరి తీసుకోకుండా ఎన్ని మాటలు అనగలరో వినేదాన్ని. నిన్న ఎంత ఉందో అడిగేదాన్ని. నిన్న 98, ఇవాళ 94 అంటే, ఆ జారుడే నాకు భయం.

ఇప్పుడు ఊపిరితిత్తుల జబ్బున్న ప్రతి పేషెంటుకీ, బాగున్న రోజున చేయి వెచ్చబరిచి, అంకె చూసి రికార్డులో రాస్తున్నాను. పాత సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న కొందరికి 89 మామూలే కావచ్చు. ఆ పెద్దాయన కోలుకుని తిరిగొచ్చినప్పుడు ఆయనకి 98. ఆయన పేరు పక్కన అది రాసి, తేదీ వేశాను.