కార్డు మీద ఉన్న ఆ డాక్టర్ పేరు

మా బాబుకి నాలుగేళ్ళప్పుడు ఒక రాత్రంతా చెవిపోటుతో ఏడ్చాడు. తెల్లారగానే ఇంటికి దగ్గర్లో ఉన్న ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళిపోయాను. నరసరావుపేటలో పెరిగినదాన్ని, చెవి నొప్పి అంటే చెవి డాక్టర్ దగ్గరికే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకుని కూర్చోవడం అలవాటు. ఇక్కడ కాలిఫోర్నియాలో కౌంటర్‌లో అమ్మాయి మా ఇన్సూరెన్స్ కార్డు తిప్పి చూసి, ఇది హెచ్‌ఎంఓ, రిఫరల్ ఉందా అని అడిగింది. రిఫరల్ అంటే మన డాక్టర్ స్పెషలిస్ట్ దగ్గరికి పంపుతూ రాసిచ్చే సిఫారసు. లేదన్నాను. దాంతో సొంతంగా డబ్బు కట్టుకుంటామని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. పిల్లాడు భుజం మీద మూలుగుతుంటే పెట్టేశాను.

ఆ కార్డు మీద అప్పటికే ఒక డాక్టర్ పేరు ఉంది. మేం ఎవరినీ ఎంచుకోకపోతే ప్లాన్ వాళ్ళే ఒకరిని వేసేశారు. హెచ్‌ఎంఓ అంటే నెట్‌వర్క్‌లోని, అంటే ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్ల దగ్గరే చూపించుకునే రకం ఇన్సూరెన్స్. అదంతా ఆ పేరు చుట్టూనే తిరుగుతుందని తర్వాత తెలిసింది. ఆయనే మన ప్రైమరీ కేర్ డాక్టర్, మిగతా దారులన్నీ ఆయన గుండానే. కాలిఫోర్నియాలో చాలా ప్లాన్లలో ఆయన మెడికల్ గ్రూప్ అనే ఒక డాక్టర్ల బృందంలో ఉంటారు, మనకి జబ్బు చేసినా చేయకపోయినా సభ్యుడికి ఇంత అని ఆ గ్రూప్‌కి నెలనెలా డబ్బు ముడుతుంది, అందుకే స్పెషలిస్ట్ కూడా సాధారణంగా ఆ గ్రూప్ లోపలి వాళ్ళే అయ్యుండాలి. అంటే డాక్టర్‌ని ఎంచుకున్నప్పుడే మన ఆసుపత్రినీ, స్పెషలిస్టులనీ చాలావరకు ఎంచేసుకున్నట్టే. ఈ ఒక్క ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

పిల్లలకి నెట్‌వర్క్‌లో ఉన్న పిల్లల డాక్టర్‌నే ప్రైమరీగా పెట్టుకోవచ్చు, నేను వెంటనే అలా మార్పించాను. పుట్టిన బిడ్డని ఉద్యోగం ఇన్సూరెన్స్‌లో మామూలుగా 30 రోజుల్లోపు చేర్పించాలి, బాలింత హడావుడిలో ఇది మర్చిపోకండి.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. ఎమర్జెన్సీకి రిఫరల్ అక్కర్లేదు, ముందుగా అనుమతీ అక్కర్లేదు, నెట్‌వర్క్ బయటి ఆసుపత్రి అయినా సరే. పిల్లాడికి ఊపిరి అందకపోతే కార్డు వెతుక్కుంటూ నిలబడొద్దు.

మామూలు జబ్బులకి కూడా ఇన్నాళ్ళు ఆగాలని మనమే అనుకుని ఊరుకోకూడదు. ఈ రాష్ట్రంలో అర్జెంటు కాని అపాయింట్‌మెంట్ మన డాక్టర్ దగ్గర 10 పనిదినాల్లో, స్పెషలిస్ట్ దగ్గర 15 పనిదినాల్లో దొరకాలని నియమం ఉంది. మా బాబుకి ఆస్తమా టెస్ట్ కోసం రెండు నెలల తర్వాత డేట్ ఇచ్చినప్పుడు నేను ప్లాన్‌కి ఫోన్ చేసి గ్రీవెన్స్ అనే మాట వాడాను. గ్రీవెన్స్ అంటే అధికారికంగా నమోదయ్యే ఫిర్యాదు, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ తేలకపోతే డిపార్ట్‌మెంట్ ఆఫ్ మేనేజ్డ్ హెల్త్ కేర్ అని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మా విషయం అంతదాకా పోలేదు, అదే వారంలో వేరే డాక్టర్ దగ్గర డేట్ దొరికింది. గొడవ పెట్టుకోవడం మర్యాద కాదని పెంచారు మనల్ని. కానీ ఇది గొడవ కాదు, జీతంలోంచి ప్రీమియం కట్టేది మనమే.

పాపకి 12 నిండాక ఇంకో సంగతి ఎదురైంది. ఆన్‌లైన్ అకౌంట్‌లో దాని వివరాలు చాలావరకు నాకు కనిపించడం మానేశాయి. ఆ వయసు నుంచి కొన్ని విషయాల్లో పిల్లలకి సొంత గోప్యత ఉందట ఇక్కడి చట్టంలో. చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ నవ్వుతూ, కాసేపు బయట కూర్చుంటారా అంది. మా అమ్మ నా పెళ్ళయ్యేదాకా డాక్టర్ గదిలో నా పక్కనే కూర్చుంది, నా బదులు ఆవిడే మాట్లాడేది. నేను బయట కుర్చీలో పాప జాకెట్ ఒళ్ళో పెట్టుకుని ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. కోపం కాదు, బాధే. పది నిమిషాలు.

కారులో సీట్ బెల్ట్ పెట్టుకుంటూ పాపే చెప్పింది, మోచేతి దద్దుర్ల గురించి తనే అడిగిందట. "స్కిన్ డాక్టర్‌కి రిఫరల్ పెట్టారమ్మా. మెడికల్ గ్రూప్ నుంచి లెటర్ వస్తుందట, వచ్చాక ఇద్దరం కలిసి చూద్దామా?"