రాయదుర్గంలో ఆదివారం పదో తరగతి

మా అనంతపురం జిల్లా రాయదుర్గం పేరు చెబితే జీన్స్ ప్యాంట్లే గుర్తొస్తాయి. వాటిని కుట్టే ఆడవాళ్లలో చాలామంది ఏడులోనో ఎనిమిదిలోనో బడి మానేసినవాళ్లే. రోజూ బడికి వెళ్లకుండానే చదివి పరీక్షలు రాసే వీలున్న ఓపెన్ స్కూల్ కేంద్రంలో ఆదివారాలు వాళ్లకు నేను లెక్కలు చెబుతాను.

"భిన్నాలు మాకు రావు మేడమ్" అంటారు రాగానే. టేపు తీసి బల్ల మీద పరిచి, పావు అంగుళం పెద్దదా, మూడు బై ఎనిమిది పెద్దదా అని అడిగాను. ఒకావిడ టేపు వైపు చూడనైనా లేదు. "మూడు బై ఎనిమిదే. పావుకు రెండు గీతలు, దీనికి మూడు" అంది. హారాలు సమం చేయడమంటే అదేనమ్మా అన్నాను. ఆ లెక్క నోటుబుక్కులో తనే వేసి, పక్కామెకు కూడా చూపించింది.

ఇంత తెలిసినవాళ్లు "ఈ వయసులో మమ్మల్ని ఎవరు చేర్చుకుంటారు?" అంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఓపెన్ స్కూల్ పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దే లేదు. అయిదు సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాల్సిన పని కూడా లేదు. ఈసారి తెలుగు, సోషల్ పాసైతే అవి అలాగే ఉంటాయి. మిగతావి తర్వాత రాసుకోవచ్చు. అందుకు అయిదేళ్ల గడువుంది.

పని నేర్పే పథకాలు లేకపోలేదు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలిస్తారు, పనిముట్లకు 15,000 దాకా సాయం ఉంటుంది. ఇంట్లో మిషను పెట్టుకున్నవాళ్లను దానికి తప్పకుండా వెళ్లమంటాను. కానీ పని చేతిలో ఉన్నా, అంగన్‌వాడీ కార్యకర్త పోస్టు పడితే ముందు అడిగేది పదో తరగతి సర్టిఫికెట్టే. అందుకే నా పట్టుదలంతా దాని మీదే.

ప్రవేశాలు సాధారణంగా జూలై, ఆగస్టుల్లో మొదలవుతాయి. ఆధార్ కార్డు, ఫొటోలు పట్టుకుని దగ్గర్లోని కేంద్రానికి వెళ్లి అడగండి.

కుట్టు యూనిట్ల యజమానులకు ఒక మాట. పీసు లెక్కన కూలి తీసుకునే మనిషికి పరీక్ష రోజంటే ఆ రోజు కూలి పోయినట్టే. పరీక్షలున్న రోజుల్లో సగం కూలైనా ఇప్పించండి. ఆర్డరు తొందరలో ఉందని హాల్ టికెట్ చేతికొచ్చిన మనిషిని ఆపకండి.