పళ్ళ మీద బిట్లు: రెండు దంత సూత్రాలు పక్కపక్కన రాసుకుని చదవండి

గ్రూప్స్, కానిస్టేబుల్, రైల్వే... ఏ పరీక్షకు చదివినా జనరల్ సైన్స్‌లో జీర్ణవ్యవస్థ వదలకూడని చాప్టర్. అందులో పళ్ళ గురించి ఉండేది కొద్దిగానే, కానీ దాన్నే రకరకాలుగా తిప్పి అడుగుతారు. నేను చదివిన పద్ధతి రాస్తున్నాను. సైన్స్ బ్యాక్‌గ్రౌండ్ లేనివాళ్ళకు బాగా పనికొస్తుంది.

ముందు దంత సూత్రం, అంటే ఏ రకం పళ్ళు ఎన్ని ఉన్నాయో అంకెల్లో రాయడం. పై దవడలో ఒక పక్క పళ్ళు మాత్రమే తీసుకోండి. ముందు నుంచి లోపలికి కుంతకాలు (కొరికే ముందు పళ్ళు) 2, రదనిక (కోరపన్ను) 1, అగ్రచర్వణకాలు (చిన్న దవడ పళ్ళు) 2, చర్వణకాలు (నమిలే పెద్ద దవడ పళ్ళు) 3. కింద దవడలో ఆ పక్కా అంతే. అందుకే 2123/2123. ఇది సగం నోరే కాబట్టి వచ్చిన 16ను రెట్టింపు చేస్తే 32. పాలపళ్ళకైతే 2102/2102, మొత్తం 20.

ఈ రెండింటినీ ఒకదాని కింద ఒకటి రాసి కాసేపు చూడండి. పాలపళ్ళలో అగ్రచర్వణకాలు లేవు. పాల చర్వణకాలు ఊడిన చోట వచ్చేవే అగ్రచర్వణకాలు. మరి పెద్దయ్యాక ఉండే చర్వణకాల సంగతి? అవి ఏ పన్ను స్థానంలోనూ రావు. దవడ పెరిగేకొద్దీ వెనక ఏర్పడే ఖాళీలో వస్తాయి. "జీవితంలో ఒక్కసారి మాత్రమే వచ్చే దంతాలు ఎన్ని?" అంటే 32లోంచి 20 తీసేయండి, 12. ఆ పన్నెండూ చర్వణకాలే.

నాకిది పుస్తకంలో కంటే మా అక్క కూతురి నోట్లో బాగా అర్థమైంది. దానికి ఆరేళ్ళప్పుడు కింది ముందు పన్ను ఊగుతోందంటే టార్చ్ వేసి చూశాను. ఊగే పన్ను వెనకే కొత్త పన్ను అంచు, రంపంలా చిన్న చిన్న నొక్కులతో కనిపించింది. ఇంకా లోపల, పాలపళ్ళ వరస అయిపోయాక, చిగురును చీల్చుకుని ఒక వెడల్పాటి పన్ను వస్తోంది. అదే మొదటి శాశ్వత చర్వణకం. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుని, పుచ్చినా ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. పరీక్ష సంగతి అటుంచి, ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే దయచేసి ఆ పన్ను చూడండి. పోతే దాని బదులు ఇంకోటి రాదు.

రెండో చర్వణకం సుమారు 12 ఏళ్ళకు, మూడోదైన జ్ఞానదంతం 17 దాటాక వస్తాయి. కొందరికి జ్ఞానదంతాలు అసలు రావు. హెటిరోడాంట్, డైఫియోడాంట్, థీకోడాంట్ అనే మూడు మాటలకూ అర్థాలు వరసగా: పళ్ళు వేర్వేరు రకాలుగా ఉండటం, రెండు విడతలుగా రావడం, దవడ ఎముక గుంతల్లో నాటుకుని ఉండటం. కుందేలుకు రదనికలు ఉండవు. ఏనుగు దంతాలు పై కుంతకాలే. కోరల్లా కనిపిస్తాయని రదనికలకు టిక్ పెట్టేవాళ్ళు చాలామంది, జాగ్రత్త.

శరీరంలో అత్యంత గట్టి పదార్థం పంటి పైపొర అయిన ఎనామిల్. ఎక్కువగా కాల్షియం ఫాస్ఫేటే. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికి మిగలవు, అందుకే అరిగితే మళ్ళీ పెరగదు. తీపి తిన్నాక బ్యాక్టీరియా చేసే ఆమ్లం వల్ల నోటి పీహెచ్ 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఈ 5.5ను కెమిస్ట్రీలో ఆమ్లాలు, క్షారాల పాఠంలోనూ అడుగుతారు.

మన రాష్ట్రాల వాళ్ళు ఫ్లోరోసిస్‌ను (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు) తప్పకుండా కలిపి చదవాలి. నల్గొండ, కనిగిరి ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు పడిన బాధ ఇది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఎనామిల్ తయారయ్యే చిన్న వయసులో అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగితే పళ్ళ మీద మచ్చలు, గారలు ఏర్పడి అలాగే ఉండిపోతాయి. పెద్దయ్యాక మంచినీళ్ళు తాగినా అవి పోవు. ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్‌ను రూపొందించింది నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ). అందులో పటిక ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది, సున్నం నీటి క్షారత తగ్గకుండా చూస్తుంది, బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది.