అక్క ఆస్పత్రిలో, పిల్లలు నా దగ్గర: స్పాన్సర్‌షిప్ కోసం తిరిగిన నా అనుభవం

మా అక్క ఆటో బోల్తా పడి విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చేరేసరికి పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి ఐదు. బావ వదిలేసి వెళ్ళి అప్పటికే నాలుగేళ్ళు. వెన్నుపూసకి దెబ్బ, కోలుకోవడానికి నెలలు పడుతుందన్నారు. ఆ రాత్రే పిల్లలిద్దర్నీ కంచరపాలెంలో మా ఇంటికి తెచ్చేసుకున్నాను. మాది రెండు గదుల ఇల్లు, నాకూ ఇద్దరు పిల్లలు, నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలదు.

వేరే వాళ్ళ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటే ఫోస్టర్ కేర్ కింద డబ్బులొస్తాయని ఎవరో అంటే ఒక ఆఫీసుకి వెళ్ళాను. అక్కడాయన కాగితాలు కూడా చూడకుండా "తల్లి బతికే ఉంది కదమ్మా, అనాథలకైతేనే ఇస్తారు, హాస్టల్లో వేసేయండి" అన్నాడు. అది నమ్మి మూడు వారాలు ఊరుకున్నాను. ఆ మాట తప్పని తర్వాత తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

చివరికి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే బాలల సంక్షేమ కమిటీ దగ్గరకి పిల్లల్ని తీసుకుని వెళ్ళమన్నారు. అక్కడ ఒక మేడం అరగంట కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పారు. తల్లి బతికి ఉన్నా, మంచాన పడి పిల్లల్ని చూసుకోలేకపోతే వాళ్ళు సంరక్షణ అవసరమైన పిల్లల కిందకే వస్తారట. ఫోస్టర్ కేర్ అంటే కమిటీ ఎంపిక చేసిన వేరే కుటుంబంలో ఉంచడం, నాలాంటి సొంత పిన్ని దగ్గర ఉంటే చూడాల్సింది స్పాన్సర్‌షిప్, అంటే పిల్లల ఖర్చులకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఒక్కో బిడ్డకి నెలకి 4,000 రూపాయలు. ఆదాయం నగరంలో ఏడాదికి 96,000, పల్లెల్లో 72,000 దాటకూడదు. మా కేసులో ఆధార్‌లు, స్టడీ సర్టిఫికెట్లు, అక్క పేరు మీద ఆదాయ ధ్రువపత్రం, ఆస్పత్రి కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్ అడిగారు. ఆదాయ ధ్రువపత్రం ముందు నా పేరు మీద తెచ్చి, వార్డు సచివాలయానికి మళ్ళీ తిరగాల్సి వచ్చింది.

అన్నిటికంటే కష్టమైంది అక్క ఒప్పుకోలు. పిల్లలు నా దగ్గర ఉండడానికి ఒప్పుకుంటున్నట్టు లెటర్ తీసుకెళ్తే "వేలిముద్ర వేస్తే పిల్లల్ని దత్తత ఇచ్చేస్తారా?" అని ఏడ్చింది. ఇది దత్తత కాదు, నువ్వు లేచాక పిల్లలు నీ దగ్గరకే వస్తారు అని చెప్పి, లెటర్ రెండుసార్లు చదివి వినిపించాను. కుడిచేతికి కట్టు ఉండడంతో ఎడమ బొటనవేలు వేసింది. ఆ వేలికంటిన నీలం సిరా నేను కొంగుతో తుడుస్తుంటే "పాపకి జడ గట్టిగా వేయకు, తలనొప్పి వస్తుంది దానికి" అంది.

కమిటీలో పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ ఉంటావని అడిగారు. "అమ్మ దగ్గర. అమ్మ లేచేదాకా పిన్ని దగ్గర, తమ్ముడు కూడా" అంది. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని విడదీయకుండా చూడాలని చట్టంలోనే ఉందని మేడం చెప్పాక నా టెన్షన్ సగం తగ్గింది.

అక్కడే బయట బెంచీ మీద ఒక ముసలమ్మ కలిసింది. కూతురు అడవివరం జైల్లో ఉంది. "మనవడికి ఆరేళ్ళు వచ్చేస్తన్నాయమ్మా, ఇంక తల్లి దగ్గర ఉంచరట, నాకిస్తారో ఇవ్వరో" అంటోంది. జైల్లో తల్లి దగ్గర బిడ్డని ఆరేళ్ళ వరకే ఉంచాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది, అదీ మన రాష్ట్రం పేరున్న కేసులోనే. ఆవిడ చేతిలో ఒక్క కాగితం కూడా లేదు. నేను లోపలికి తీసుకెళ్ళి మేడం ముందు కూర్చోబెట్టాను. అమ్మమ్మ ఇంటికి ఎంక్వయిరీకి వస్తామని, తల్లి రాతపూర్వకంగా అడిగితే ఇంకా మంచిదని చెప్పారు.

మా ఇంటికీ అలాగే వచ్చి చూశారు, వంటగది, పిల్లలు పడుకునే చోటు, స్కూలు పుస్తకాలు అన్నీ. మంజూరు కావడానికి నెలలు పట్టింది, ఆ మధ్యలో అప్పు చేయక తప్పలేదు. డబ్బు పడిన రోజు ముందు బాబుకి స్కూలు బూట్లు కొన్నాను. ఆదివారం అవి వేసుకునే వార్డుకి వచ్చి, అక్క మంచం చుట్టూ టపటపా నడిచి చూపించాడు.