పదో తరగతి మెమో నుంచి డిగ్రీ ప్రవేశం దాకా: నా అనుభవం

దూరవిద్యలో డిగ్రీ చదవడానికి గరిష్ఠ వయోపరిమితి లేదన్న సంగతి చాలామందికి తెలుసు. అయితే వయసు అడ్డు కాకపోవడం ఒక ఎత్తు, పాతికేళ్ల నాటి కాగితాలను ఈనాటి నిబంధనలకు సరిపోయేలా చూపించగలగడం ఇంకొక ఎత్తు. పదో తరగతి పాసైన వెంటనే పెళ్లి కావడంతో చదువు ఆగిపోయిన నేను, వరంగల్‌లో ఒక న్యాయవాది గారి కార్యాలయంలో టైపిస్టుగా పనిచేస్తూ, నలభై దాటాక ఎల్‌ఎల్‌బీ చదవాలని నిశ్చయించుకున్నాను. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ముందు డిగ్రీ ఉండాలి. ఆ డిగ్రీలో చేరడానికి నేను నడిచిన దారిని, నాలాంటి స్త్రీలకు పనికొస్తుందన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను.

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఇంటర్మీడియెట్ లేకపోయినా, పద్దెనిమిదేళ్లు నిండినవారు అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే వీలును అది చాలా ఏళ్లపాటు కల్పించింది. బడి ముఖం సరిగా చూడని ఎందరో కూలీలు, గృహిణులు, చిరుద్యోగులు ఆ పరీక్ష వల్లనే పట్టభద్రులయ్యారు గనుక దాని మీద నాకు గొప్ప గౌరవం ఉంది. మా బంధువుల్లో ఒక అన్నయ్య కూడా అలాగే బీఏ పూర్తి చేశారు. కానీ ఆయన న్యాయవిద్యకు ప్రయత్నించినప్పుడు, 2008 నాటి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా న్యాయవిద్యా నిబంధనలు అడ్డువచ్చాయి. దూరవిద్యలో ఇంటర్, డిగ్రీ చదివినవారిని ఆ నిబంధనలు అర్హులుగానే గుర్తిస్తాయి. అంతకుముందు ఉండవలసిన ఇంటర్ వంటి మౌలిక అర్హత లేకుండా సార్వత్రిక విధానంలో నేరుగా డిగ్రీ పొందినవారిని మాత్రం అనుమతించవు. అందుచేత నా ముందున్న ప్రశ్న డిగ్రీలో ఎంత త్వరగా చేరగలనన్నది కాదు, ఆ డిగ్రీ తరువాతి మెట్టు దగ్గర చెల్లుతుందా లేదా అన్నది. రెండేళ్లు ఆలస్యమైనా ఇంటర్ చదివే డిగ్రీకి వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

ఇంటర్ కోసం తెలంగాణ ఓపెన్ స్కూల్‌ను ఎంచుకున్నాను. అక్కడ ఇంటర్‌కు కనీస వయసు పదిహేనేళ్లు, పైపరిమితి లేదు. తరగతులు ఆదివారాలు, సెలవు రోజుల్లో జరుగుతాయి కాబట్టి ఉద్యోగం మానుకోవలసిన అవసరం రాలేదు. ప్రవేశం అయిదేళ్లు చెల్లుతుంది. ఆ లోపల విడతలవారీగా సబ్జెక్టులు పూర్తి చేసుకోవచ్చు. గతంలో రెగ్యులర్ ఇంటర్ తప్పినవారు అప్పుడు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులను బదిలీ చేయించుకునే వెసులుబాటు కూడా ఉంది. ఈ సంగతి తెలియక మొత్తం మళ్లీ రాస్తున్నవారిని నా తరగతిలోనే చూశాను. దరఖాస్తుకు ముందే సమన్వయకర్తను దీని గురించి అడగడం మంచిది.

అసలు కష్టం పదో తరగతి మెమో దగ్గర వచ్చింది. పుట్టింట్లో పెట్టెలో ఉన్న మెమోకు చెదలు పట్టి, హాల్ టికెట్ నంబరు ఉన్న భాగం మాత్రమే మిగిలింది. డూప్లికేట్ కోసం నేరుగా హైదరాబాద్ వెళ్లనవసరం లేదు. చదివిన బడి ప్రధానోపాధ్యాయుల ద్వారానే ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు వెళ్లాలి. "అమ్మా, నంబరు ఉంది కదా, సగం పని అయిపోయినట్టే," అని ఆ సారు ధైర్యం చెప్పి, పాత అడ్మిషన్ రిజిస్టరు తెప్పించి నా పుట్టిన తేదీ సరిచూశారు. నోటరీ అఫిడవిట్ నేనే టైపు చేసుకున్నాను. నంబరు కూడా దొరకనివారు పాసైన సంవత్సరం, బడి పేరు పట్టుకుని ముందుగా బడి రికార్డుల దగ్గరికే వెళ్లాలి.

రెండో చిక్కు ఇంటిపేరు. మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉన్నాయి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవారంతా విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీలోని దూరవిద్యా విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్యను, అంటే డెబ్ ఐడీని తీసుకోవాలి. దానికి ముందు, విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ కావాలి. అది ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల ఖాతా అయిన డిజిలాకర్ ద్వారా ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. పేరు ఒక్కచోట తేడా పడితే ఆ తేడా చివరిదాకా వెంటవస్తుంది. ఏ కాగితాన్ని మార్చాలన్న దానిపై మా ఇంట్లో చాలా చర్చ జరిగింది. పెళ్లి కారణంగా పదో తరగతి మెమోలో ఇంటిపేరు మార్పించడం దాదాపు అసాధ్యం కాబట్టి, ఆధార్‌నే మెమోకు అనుగుణంగా మార్పించాను. ఆధార్‌లో పేరు మార్పుకు రెండు అవకాశాలే ఉంటాయి గనుక ప్రతి అక్షరం సరిచూసుకున్నాకే రసీదు తీసుకున్నాను. తరువాత బ్యాంకు ఖాతాలోనూ మార్పించాను. మొబైల్ నంబరు ఆధార్‌కు జతపడి లేకపోతే ఓటీపీ రాదు, పని ముందుకు సాగదు.

ఇవన్నీ సిద్ధమయ్యాక విశ్వవిద్యాలయ దరఖాస్తు చాలా సులువుగా గడిచిపోయింది. తెలుగు మాధ్యమంలో బీఏ ఎంచుకుని, ఆన్‌లైన్‌లో రుసుము చెల్లించి, అధ్యయన కేంద్రంలో అసలు సర్టిఫికెట్లు చూపించాను. న్యాయవిద్య ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ ద్వారా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరడానికి డిగ్రీలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, బీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. బీసీ వర్గానికి చెందిన నేను ఆ 42 శాతాన్ని మొదటి సెమిస్టరు నుంచే లెక్కలో పెట్టుకుని చదువుతున్నాను.