పేరు తెలియకముందే ఎరువు వేసి తిన్న దెబ్బ

గృహప్రవేశానికి ఎవరో తెచ్చిపెట్టిన కుండీ. చీటీ లేదు, పేరు లేదు. మైనం పూసినట్టు మెరిసే ఆకులు, నిటారుగా లేచిన ఐదు కాడలు. గుంటూరులో మూడు నర్సరీల్లో అడిగితే మూడు జవాబులొచ్చాయి. ఒకరు పామ్ అన్నారు, ఒకరు సైకాస్ జాతి అన్నారు, మూడో ఆయన "లక్కీ ప్లాంటండీ" అని ఊరుకున్నాడు. ఫొటో చూసి పేరు చెప్పే యాప్ జామియా అంది, అంటే సైకాస్‌ను పోలిన, పామ్‌లా కనిపించే మరో మొక్క.

నాలుగు నెలలైనా కొత్త కాడ రాలేదు. ఆకలిగా ఉందేమో అనుకుని ఎరువుల దుకాణానికి వెళ్ళాను. కౌంటరు ముందు పది మంది మిర్చి రైతులున్నారు. ట్రిపుల్ 19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 19 శాతం ఉండి నీళ్ళలో కరిగే ఎరువు, పావుకిలో కావాలన్నాను.

"ఎన్నెకరాలమ్మా?"

"ఎకరాలు కాదండీ, ఇంట్లో ఒక కుండీ."

ఆయన అందరికీ వినపడేలా, "కుండీకంట ట్రిపుల్ నైన్‌టీన్!" అని నవ్వాడు. విడిగా అమ్మరన్నాడు, కిలో ప్యాకెట్ చేతిలో పెట్టాడు. ఎంత వేయాలని రెండుసార్లు అడిగాను. "ట్యాంకుకు వంద గ్రాములు" అని తల తిప్పుకుని తర్వాతి వాళ్ళతో మాట్లాడసాగాడు. నవ్వినందుకు కాదు నా కోపం. మొక్క ఒక్కటైనా దానికీ వేర్లుంటాయి, తప్పు మోతాదు చెబితే అవి మాడతాయి. అది ఏ మొక్క అన్న ఒక్క ప్రశ్న కూడా ఆయన అడగలేదు.

ట్యాంకంటే రైతు వీపున మోసే 20 లీటర్ల స్ప్రేయరు. లీటరుకు 5 గ్రాములన్నమాట. అది పొలంలో, ఎండలో పెరిగే మిర్చి ఆకు మీద పిచికారీ చేసే లెక్క. నేను దాన్ని కుండీలో పోశాను. ఈ ఎరువులో నత్రజని 19 శాతం, అంటే లీటరు నీటిలో 950 మిల్లీగ్రాములు. నీడలో మెల్లగా పెరిగే మొక్కకు లీటరుకు 100 మిల్లీగ్రాములు సరిపోతుంది. పైగా మా బోరు నీళ్ళలో ఉప్పెక్కువ. మట్టిలో లవణం పెరిగితే వేరు నీరు పీల్చుకోలేదు సరికదా, వేరులో ఉన్న నీటినే మట్టి లాగేస్తుంది. పది రోజుల్లో ఆకుల కొసలు ఎండి గోధుమరంగుకు తిరిగాయి, కుండీ అంచున తెల్లటి పొర కట్టింది. కొసలు పొడిగా మాడితే అది ఉప్పు దెబ్బ. కింది ఆకులు పసుపెక్కి, కాడ మొదలు మెత్తబడితే నీళ్ళెక్కువైనట్టు. రెండింటినీ కలగలిపి వైద్యం చేయకండి.

వేర్లు బతికున్నాయేమో చూద్దామని చెంచాతో పక్కనున్న మట్టి రెండంగుళాలు గోకాను. బంగాళదుంపలాంటి దుంప బయటపడింది. గోధుమరంగు తొక్క, నొక్కితే గట్టిగా ఉంది. పేరు తేల్చింది అదే. సైకాస్, జామియాల్లో ఆకులన్నీ ఒకే మొదలు పైనుంచి గుత్తిగా విచ్చుకుంటాయి, జామియా చిట్టి ఆకు అట్టముక్కలా బిరుసుగా, గరుకుగా ఉంటుంది. ఇక్కడ ప్రతి కాడా మట్టిలోంచి విడిగా లేచింది. అడుగున బొటనవేలంత లావు, పైకి పోయేకొద్దీ సన్నం, ఒంటి మీద ముదురు మచ్చలు. నిజానికి అది కాండం కాదు, కింది నుంచి కొస దాకా ఒకే ఆకు. అటూఇటూ ఉన్నవి చింతరెబ్బకు ఉన్నట్టు చిట్టి ఆకులు. ఇది జీజీ ప్లాంట్, జామియోకల్కస్ జామియిఫోలియా. జామియాలాంటి ఆకు గలదని పేరే చెబుతోంది, యాప్ పొరపడిందీ అక్కడే. 1829లో మొదట వర్ణించినప్పుడు దీన్ని కలాడియం అనే రంగురంగుల ఆకుల మొక్కల జాతి కింద చేర్చారు, ఇప్పటి పేరు 1905 నాటిది. తూర్పు ఆఫ్రికా మొక్క, మన చేమ, కంద కుటుంబం. అందుకే కోసినప్పుడు రసం తగిలితే దురద. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లల నోట్లోకి పోనివ్వకండి.

దుంపలో నీరు, తిండి రెండూ దాచుకునే మొక్క ఇది. ఆకలితో చావడం అరుదు, అతి పోషణతో చావడమే ఎక్కువ.

కాపాడుకున్న తీరు ఇది. తెల్లపొరతో సహా పై మట్టి ఒక సెంటీమీటరు గీకి పారేశాను. ఎనిమిదంగుళాల కుండీలో మట్టి సుమారు నాలుగు లీటర్లు ఉంటుంది, దానికి మూడింతలు, 12 లీటర్ల మున్సిపల్ నీళ్ళు నాలుగు విడతలుగా పోసి ప్రతిసారీ పూర్తిగా కారనిచ్చాను. కింది పళ్ళెం తీసేయాలి, లేకపోతే కారిన ఉప్పు మళ్ళీ పైకెక్కుతుంది. తర్వాత మూడు వారాలు గాలి తగిలే నీడలో చుక్క నీరు పోయలేదు. ఆపైన ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక రెండు, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒకటి, వర్మీకంపోస్టు ఒకటి కలిపి మార్చాను. కోకోపీట్ కడగకుండా వాడొద్దు, దాంట్లోనూ ఉప్పుంటుంది.

ఇప్పుడు జూలై నుంచి అక్టోబరు దాకా నెలకొకసారే ఎరువు. పది లీటర్ల బకెట్‌కు అంచుకు సమంగా గీసిన ఒక టీ స్పూను, అంటే సుమారు 5 గ్రాములు. కుండీకి అర లీటరు. ముందు రోజు కాస్త మామూలు నీళ్ళు పోసి తడిపి ఉంచాలి, పొడి మట్టి మీద ఎరువు నీళ్ళు పోయకూడదు. చలికాలంలో, ముదురు ఎండల్లో ఏమీ వద్దు. యూరియా చిటికెడు కూడా వద్దు, దాంట్లో నత్రజని 46 శాతం. పాలు, పంచదార కలిసిన టీ పిప్పి, బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే మట్టి పులిసి చిన్న ఈగలు ముసురుతాయి.

మాడిన కొసలు మళ్ళీ పచ్చబడవు, కత్తిరించుకోవడమే. కానీ ఈ వారం దుంప పక్కనే వేలెడంత చిలకపచ్చ మొలక లేచింది, ఆకులన్నీ కొనదేలిన మొగ్గలా బిగుతుగా చుట్టుకుని. లేత కాడ పుటుక్కున విరుగుతుంది కాబట్టి కుండీని కదపడం లేదు. మిగిలిన ఎరువు గాలి తేమకు ముద్దవుతుంది, మూత బిగుతుగా ఉన్న సీసాలో పోసి, మీద మోతాదు రాసిన చీటీ అంటించాను.