ముందు తిండి, తర్వాత మాత్రలు

అనొరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే మానసిక జబ్బు) అని తేలేసరికే మా అమ్మాయి స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేసింది. రాత్రుళ్లు నిద్ర లేదు. డిప్రెషన్ వల్ల తిండి మానేసిందా, తిండి మానేసినందుకు డిప్రెషన్ వచ్చిందా అని సైకియాట్రిస్ట్‌ని అడిగాం. రెండు రకాలుగానూ జరుగుతుందని, ఏది ముందో తేలేదాకా వైద్యం ఆపక్కర్లేదని చెప్పారావిడ.

మొదట నాడి, బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ చూశారు. బాగా చిక్కిపోయినవాళ్లకు ఒక్కసారిగా తిండి పెంచితే ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చట. అందుకే ఎంత పెట్టాలో డాక్టర్లే చెప్పేవారు. తర్వాత మమ్మల్ని బయట కూర్చోబెట్టి, చనిపోవాలనిపిస్తోందా అని తనను సూటిగా అడిగారు. అనిపిస్తోందంది. అది విని నాకు నోట మాట రాలేదు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని, అడగకపోతేనే ప్రమాదమని డాక్టర్ చెప్పారు. ఇంట్లో మందులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాం. తనను ఒంటరిగా వదల్లేదు.

డిప్రెషన్‌కు వెంటనే మాత్రలు రాస్తారనుకున్నాం. రాయలేదు. బరువు బాగా తగ్గి ఉన్నప్పుడు అవి సరిగా పనిచేయవట. పైగా ఆకలే మనసును కుంగదీస్తుందట. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నెలల తరబడి తిండి తగ్గించి చూస్తే, చాలామంది దిగులుతో, చిరాకుతో మారిపోయారు. ఎప్పుడూ తిండి ధ్యాసే. మా అమ్మాయి ఏడుపులో ఆకలి వాటా ఎంతో అప్పుడు అర్థమైంది.

కొంతకాలం ఏం తినాలో, ఎంత తినాలో మేమే నిర్ణయించాం. అన్నిటికంటే కష్టమైంది ఇదే. తను అరిచేది, కంచం తోసేసేది. వాదించొద్దు, బరువు మాట ఎత్తొద్దు, పక్కనే ఉండండి అని థెరపిస్ట్ చెప్పారు. "నీకెంత భయంగా ఉందో తెలుసమ్మా. నేనిక్కడే ఉన్నా, తిను" అనేదాన్ని, ఎన్నిసార్లయినా. తిన్నాకే తనకు బాధ ఎక్కువయ్యేది. అందుకని వాళ్ల నాన్న కాసేపు తనతో పేకాడేవారు.

బరువు పెరిగాక నిద్ర పట్టింది, నవ్వు కనిపించింది. ఇక నయమైపోయిందన్నారు బంధువులు. కానీ దిగులు కొంత మిగిలింది. అప్పుడు డాక్టర్ కౌన్సెలింగ్‌తో పాటు మాత్రలు మొదలుపెట్టారు. ఈ వయసు పిల్లల్లో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని, కనిపెట్టుకుని ఉండమన్నారు. ఉన్నాం. ఇప్పుడు తన కంచంలో తనే వడ్డించుకుంటోంది. మాత్రలు, చెకప్‌లు ఇంకా నడుస్తున్నాయి.